వదిన గ్లాసు కింద ఎర్ర చుక్క: హెచ్ఐవీ ఎలా అంటుకుంటుంది, ఎలా అంటుకోదు

మా పెద్దమ్మ గారి వంటింట్లో గోడ గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉండేది, అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కతో. అది మా వదిన గ్లాసు. ఆవిడ కంచం అడుగున కూడా అదే చుక్క. 2003 ఎండాకాలంలో మా అన్నయ్య పోయాడు, చేపల లారీ డ్రైవరు, ఆకివీడు భీమవరం వైపు చెరువుల దగ్గర ఐసు వేసిన పెట్టెలు ఎక్కించుకుని హౌరా దాకా తోలేవాడు, ఇంటి దగ్గర ఉండేది నెలకి నాలుగైదు రోజులు. ఆయన జబ్బేంటో పోయేదాకా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. పెద్దకార్యం అయ్యాక వదినకి టెస్టు చేయించారు, పాజిటివ్ వచ్చింది. ఆ సాయంత్రమే గ్లాసుకి చుక్క పడింది. పెట్టింది ఎవరో నాకు తెలుసు, ఆవిడ చెడ్డ మనిషి కాదండి, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషే, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని భయపడింది అంతే.

అదే ఇంట్లో, అదే వేసవిలో, వరసపెట్టి జ్వరాలొచ్చాయి. ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఆర్ఎంపీ గారు టీవీఎస్ బండి మీద వచ్చారు. బ్యాగులోంచి ప్లాస్టిక్ సిరంజి తీసి, పొయ్యి మీద కాగిన నీళ్ళలో సూది రెండుసార్లు ముంచి, అరుగు మీద కూర్చోబెట్టి ముగ్గురికీ అదే సిరంజితో ఇంజక్షన్లు చేసేసి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అన్లేదు, కాఫీ కూడా ఇచ్చి పంపారు. నాకప్పుడు పదమూడేళ్ళు, ఆ వరసలో మూడోవాణ్ణి నేనే.

ఇన్నేళ్ళ తర్వాత నాకు ఆ రెండూ పక్కపక్కనే గుర్తొస్తాయి. గ్లాసుకి చుక్క పెట్టిన ఇల్లే సూదికి చెయ్యి చాపింది. హెచ్ఐవీ గురించి మనకి భయం తక్కువై కాదు, బోలెడంత ఉంది, కానీ ఆ భయం పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోలేదు, గోడకి కాపలా కాసి తలుపు తీసి వదిలేశాం. ఇప్పటికీ మా వైపు ఎవరితో మాట్లాడినా అదే కనపడుతోంది, అందుకే కొంచెం పొడుగైనా పర్లేదని కూర్చుని రాస్తున్నాను. పైగా ఇది మనకి దూరం విషయం కాదు. 2021 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.21 శాతం మందికి హెచ్ఐవీ ఉందని అంచనా, మన ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 శాతం, అంటే మూడు రెట్లు.

ముందు ఆ వైరస్ సంగతి తెలిస్తే మిగతావన్నీ ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతాయి. హెచ్ఐవీ బతకాలంటే దానికి మనిషి ఒంట్లో ఉండే ఒక రకం తెల్ల రక్తకణాలు కావాలి, వాటినే సీడీ4 కణాలంటారు. వాటిలోకి దూరి అక్కడే పిల్లలు పెట్టుకుంటుంది, చివరికి వాటినే చంపుతుంది. ఆ కణాలు లేనిచోట అది పెరగలేదు. ఒంట్లోంచి బయటపడి గాలి తగిలి ఆరిపోతే ఇంకొకళ్ళకి అంటుకునే శక్తి త్వరగా పోతుంది, జలుబు క్రిమిలాగా తలుపు గొళ్ళెం మీద కూర్చుని ఎవరొస్తారా అని ఎదురు చూసే రకం కాదు. కాబట్టి ఒకళ్ళ నుంచి ఇంకొకళ్ళకి వెళ్ళాలంటే మూడూ ఒకేసారి కుదరాలి: వైరస్ దండిగా ఉండే ద్రవం ఉండాలి, అది పచ్చిగా ఉండగానే చేరాలి, చేరింది కూడా రక్తంలోకో లేకపోతే లోపలి పల్చటి తడి చర్మం మీదకో అయ్యుండాలి. మూడిట్లో ఒక్కటి తగ్గినా పని జరగదు.

ఆ ద్రవాలు కూడా లెక్కపెట్టినట్టు ఇవే: రక్తం, వీర్యం, వీర్యానికి ముందొచ్చే జిగురు, స్త్రీ యోనిలోని ద్రవాలు, మలద్వారం లోపలి ద్రవాలు, తల్లిపాలు. అంతే. ఉమ్ము లేదు, చెమట లేదు, కన్నీళ్ళు లేవు, ఉచ్చ లేదు. ఉమ్ములో వైరస్ ఉన్నా అరాకొరా ఉంటుంది, దానికి తోడు ఉమ్ములో సహజంగా ఉండే పదార్థాలే దాన్ని పనిచెయ్యనివ్వవు.

అంటే వదిన తాగిన గ్లాసు మీదకి అసలు ఎక్కేదే లేదు. దీనికి మా ఇంట్లోనే రుజువుందండి. ఆ నెయిల్ పాలిష్ చుక్క ఎన్నాళ్ళుంటుంది, రోజుకి రెండు పూటలా బూడిదా పీచూ పెట్టి తోమే ఇంట్లో? వానాకాలం వచ్చేసరికి అరిగిపోయింది. ఒకరోజు పెద్దమ్మ గూట్లోంచి గ్లాసులన్నీ దింపి అడుగులు తిప్పితిప్పి చూసుకుంది, ఒక్కదానికీ చుక్క లేదు, అన్నీ ఒకే సైజు, ఒకే కొట్లో కొన్నవి. ఏది వదినదో ఎవరికీ తెలీలేదు. కొత్తవి కొనే డబ్బులు లేవు, ఆ సంగతి బయటికి చెప్పేంత ధైర్యమూ లేదు, అలా ఆ ఇంట్లో అందరం ఇరవై ఏళ్ళు ఆ గ్లాసులతోనే తాగాం, మా నాన్నగారు, బాబాయి, పిల్లలు, సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుళ్ళతో సహా. ఎవరికీ ఏమీ కాలేదు. కాదు కూడా.

ఇదే లెక్కలో మిగతావీ చూడండి. పక్కన కూర్చోడం, ఒకే మంచం మీద పడుకోడం, ఒకే సబ్బు, ఒకే తువ్వాలు, ఒకే లెట్రిన్, దగ్గు, తుమ్ము, కాలవలో పక్కపక్కన ఈత కొట్టడం, చెయ్యి కలపడం, వాళ్ళు వండిన కూర తినడం, చనిపోయిన మనిషికి స్నానం చేయించడం, పసిపిల్లని ముద్దుపెట్టుకోడం, వీటిలో దేనివల్లా రాదు. పెద్దవాళ్ళ మధ్య ముద్దులకి కూడా, నోట్లో ఇద్దరికీ రక్తం కారే పుండ్లుంటే తప్ప, భయపడక్కర్లేదు. నోటితో చేసే సెక్స్‌లో రిస్కు లేదనను, చాలా చాలా తక్కువ. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, చిగుళ్ళు రక్తం కారుతున్న పెద్దవాళ్ళు అన్నం నమిలి పసిపిల్లలకి పెట్టడం వల్ల ఒకటీ అరా కేసులు అమెరికాలో బయటపడ్డాయి. అరుదే, కానీ ఆ అలవాటుంటే ఎలాగూ మానేస్తే మంచిది.

దోమల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మా గోదావరి వాళ్ళు అడిగే ఈ ప్రశ్నలో నిజంగా పాయింటుంది. కాలవలు, చేపల చెరువులు, వానాకాలం కొబ్బరితోట బోదెల్లో నిలిచే నీళ్ళు, మా బతుకంతా దోమల మధ్యే. బోదకాలు అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా వీధిలోనే ముగ్గురికి ఉండేది, అందులో ఒకాయన కాలు లుంగీ కింద చిన్న దిమ్మలా ఉండేది, పిల్లలం ఆయన అరుగు మీద కూర్చునే కథలు వినేవాళ్ళం. ఆ జబ్బు దోమే మోసుకొస్తుందని గవర్నమెంటు వాళ్ళే రాత్రిపూట ఇళ్ళకొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళేవాళ్ళు. మరి ఒకళ్ళ రక్తంలో ఉన్న బోదకాలు పురుగుని ఇంకొకళ్ళకి ఎక్కించే దోమ, హెచ్ఐవీని ఎందుకు ఎక్కించదు అని మా బాబాయి అడిగితే చాలాకాలం నా దగ్గర జవాబు లేదు.

జవాబు దోమ పొట్టలో ఉంది. బోదకాలు పురుగు పిల్లలు రక్తంతో పాటు దోమ పొట్టలోకి వెళ్ళాక అక్కడ అరిగిపోవు, పొట్టగోడ చీల్చుకుని బయటపడి, దోమ రెక్కలాడించే కండల్లో దూరి, పది పన్నెండు రోజులు అక్కడ పెరిగి, తర్వాత దాని ముక్కు దగ్గరికి పాక్కుంటూ వచ్చి కూర్చుంటాయి, దోమ కుట్టినప్పుడు చర్మం మీదకి దిగుతాయి. అంటే దోమ ఒళ్ళు దానికి ఇల్లు. మలేరియా క్రిమికీ అంతే, అది పెరిగి చివరికి దోమ ఉమ్ములోకి చేరుతుంది. డెంగీ వైరస్ దోమ కణాల్లోకి కూడా దూరగలదు. హెచ్ఐవీకి ఆ శక్తి లేదు. దానికి కావాల్సింది మనిషి సీడీ4 కణం, దోమకి అవి ఉండవు. దోమకి అది తాగిన రక్తంతో పాటు వచ్చిన తిండి మాత్రమే, ఒకట్రెండు రోజుల్లో అరిగిపోతుంది.

ఇంకోటి, దోమ ముక్కుని మనం సిరంజిలా ఊహించుకుంటాం, అక్కడే తప్పు. అందులో రెండు దారులు వేరువేరుగా ఉంటాయి, ఉమ్ము లోపలికి వదిలేది ఒకటి, రక్తం పీల్చేది ఒకటి. ముందు కుట్టినవాళ్ళ రక్తాన్ని తర్వాతవాళ్ళలోకి కక్కదు. ఇదంతా పక్కన పెట్టినా ఊళ్ళో లెక్క చూస్తే తెలిసిపోతుంది. దోమ కుట్టేది చంటిపిల్లాణ్ణీ, బడికెళ్ళే పిల్లనీ, మంచంలో ఉన్న ముసలమ్మనీ అందర్నీ సమానంగానే కదా. హెచ్ఐవీ దోమల వల్ల వచ్చేదైతే పదేళ్ళ పిల్లల్లో, ఎనభై ఏళ్ళ వాళ్ళలో కూడా అదే మోతాదులో కనపడాలి, డెల్టా మొత్తం ఇంటికొకళ్ళు ఉండాలి. ఎక్కువగా కనపడేది సంసారం చేసే వయసు వాళ్ళలో, తర్వాత పాజిటివ్ తల్లులకి పుట్టిన పిల్లల్లో. జబ్బు ఏ దారిన నడిచిందో ఆ వయసులే చెప్తాయి.

మంగలి షాపు గురించి ఒక మాట. ఒకే బ్లేడుతో గెడ్డం గీస్తే, అప్పుడే తెగి రక్తం అంటిన బ్లేడు వెంటనే ఇంకొకళ్ళకి తెగేలా గీస్తే, రిస్కు లేదని కొట్టిపారెయ్యలేం, కానీ అలా హెచ్ఐవీ రావడం చాలా అరుదు. బ్లేడు మార్చమని నేను గట్టిగా చెప్పేది ఇంకో కారణానికి, హెపటైటిస్ బి. అది మొండిది, ఆరిన రక్తంలో కూడా వారం రోజులు బతికుంటుంది, సూదిపోటు వల్ల అంటుకునే అవకాశం హెచ్ఐవీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి టీకా ఉంది, వేయించుకోండి. ఇక కొబ్బరికాయలు ఒలిచే దగ్గర ఒకతనికి పాజిటివ్ అని తెలిసి అతను వాడిన గునపం ఎవరూ ముట్టుకోలేదని విన్నాను, బాధనిపించింది. ఆరిన ఇనుము మీద అది ఉండదు, ఎప్పుడైనా చెయ్యి తెగితే ఎవరి రక్తమైనా సరే నీళ్ళు పోసి కడిగేస్తాం కదా, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు తలుపుల దగ్గరికి వద్దాం. ఎక్కువమందికి వచ్చేది కండోమ్ లేని సెక్స్ వల్ల, ఇది గుసగుసలుగా కాకుండా మామూలుగా మాట్లాడుకోవాలి. పాజిటివ్ ఉండి మందులు వాడని మనిషితో ఒక్కసారి కలిస్తే వచ్చే అవకాశం ఎంత అని డాక్టర్లు వేసిన లెక్కలున్నాయి. యోని ద్వారా అయితే ఆడవాళ్ళకి పది వేలసార్లకి దాదాపు 8 సార్లు, మగవాళ్ళకి 4. మలద్వారం ద్వారా అయితే తీసుకునేవాళ్ళకి, ఆడైనా మగైనా, 138. అక్కడి లోపలి చర్మం చాలా పల్చన, సులువుగా చిట్లుతుంది, అందుకే అంత తేడా.

ఈ 8 అనే నంబరు చూసి ఓహో ఇంతేనా అని ధైర్యం తెచ్చుకున్నవాళ్ళని చూశాను, అందుకే ఇంకొంచెం చెప్తాను. అది ఒక్కసారికి లెక్క. ఏడాదిలో వందసార్లు కలిసిన భార్యకి అదే లెక్క కడితే వందకి ఎనిమిది మంది దాకా తేలుతుంది, ఒక్క ఏడాదిలో. పైగా అది సగటు మాత్రమే. భర్తకి వైరస్ కొత్తగా వచ్చిన మొదటి వారాల్లో రక్తంలో అది విపరీతంగా ఉంటుంది, అప్పటికి టెస్టులో కూడా సరిగ్గా పడకపోవచ్చు, మామూలు జ్వరంలా ఉండి పోతుంది, ఆయనకే తెలీదు. ఇద్దర్లో ఎవరికైనా సుఖవ్యాధి పుండ్లుంటే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఒక్కసారికే అంటుకున్నవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తరబడి కాపరం చేసినా అంటుకోనివాళ్ళూ ఉన్నారు. దీన్ని గుణానికి శిక్షలా చూడ్డం మానెయ్యాలి, మా వదిన జీవితంలో చేసిందల్లా పెళ్ళి చేసుకుని భర్త ఇంటికొచ్చినప్పుడు అన్నం పెట్టడమే. కండోమ్, మా ఊళ్ళో ఇంకా నిరోధ్ అనే అంటారు, మొదటి నుంచి చివరి దాకా ప్రతిసారీ వాడితే ఆ దారి దాదాపుగా మూసుకుంటుంది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళని, ముఖ్యంగా ఆడవాళ్ళని, అనుమానంగా చూసే అలవాటు మా కోనసీమలో ఉంది. కువైట్, మస్కట్ వెళ్ళాలంటే వీసాకి ముందు మెడికల్ చేస్తారు, అందులో హెచ్ఐవీ టెస్టు ఉంటుంది. కొంతమందికి తమకి పాజిటివ్ అని మొదటిసారి తెలిసేది కూడా అక్కడే, వెళ్ళకముందే, ఇక్కడి భర్త వల్లే. ఎవరి వల్ల వచ్చింది అన్న ఆరాకి ఊళ్ళో ఎంత టైము పోతుందో, ఇంట్లో మిగతావాళ్ళకి టెస్టు చేయించడానికి అందులో సగం పెట్టినా చాలు.

ఇంక సూది. దీని దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. సూది పడితే గానీ జ్వరం తగ్గదు అనే నమ్మకం మన దగ్గర ఎంత గట్టిదంటే, బిళ్ళ చాలు అని చెప్పిన డాక్టర్ని వదిలేసి ఇంజక్షన్ వేసేవాళ్ళ దగ్గరికి వెళ్తాం. ఆర్ఎంపీలు అర్ధరాత్రి తలుపు కొట్టినా వచ్చేవాళ్ళు, వాళ్ళు చేసిన మేలు నేను మర్చిపోను. కానీ ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూలో 2018 మొదట్లో బయటపడింది చూడండి, పదుల మందికి ఒక్కసారి హెచ్ఐవీ తేలింది, చవగ్గా వైద్యం చేస్తానని ఊళ్ళు తిరిగే ఒకాయన ఒకే సిరంజి మళ్ళీ మళ్ళీ వాడాడని ఆరోగ్యశాఖ వాళ్ళు చెప్పారు. 2019లో పాకిస్తాన్ సింధ్‌లోని రతోదేరోలో అయితే వందల మంది చిన్నపిల్లలకి వచ్చింది. ఆ పిల్లల్లో చాలామంది తల్లులకి టెస్టు చేస్తే నెగెటివ్. పిల్లలకి జ్వరాలకీ విరేచనాలకీ పొడిచిన సూదులూ పెట్టిన సెలైన్లే దారి.

సిరంజి విషయంలో జనానికి తెలియాల్సిన కిటుకు ఒకటుంది. కొందరు సూది మార్చి సిరంజి గొట్టం అదే ఉంచుతారు, కొత్త సూదే కదండీ అంటారు. సరిపోదు. గుచ్చి బయటికి లాగేటప్పుడు కంటికి కనపడనంత రక్తం వెనక్కి గొట్టంలోకి ఎక్కొచ్చు, మళ్ళీ అదే సిరంజి మందు సీసాలో ముంచితే ఆ సీసా కూడా పాడైనట్టే. మూసి ఉన్న గొట్టంలో గాలి తగలకుండా ఉన్న రక్తంలో వైరస్ బయట ఆరిన రక్తంలోకంటే చాలా ఎక్కువ రోజులు, పరిస్థితిని బట్టి వారాల తరబడి ఉండగలదు, గ్లాసుకీ సిరంజికీ ఉన్న తేడా అదే. ఊరికే వేణ్ణీళ్ళలో ముంచి తీస్తే శుభ్రం అవ్వదు. మత్తు ఎక్కించుకోడానికి ఒకే సూది పంచుకునేవాళ్ళకి ఒక్కసారికి రిస్కు పది వేలకి 63, ఆసుపత్రి నర్సుకి పొరపాటున సూది గుచ్చుకుంటే 23, ఇవీ డాక్టర్ల లెక్కలే. కాబట్టి మొహమాటపడకండి, మీ కళ్ళ ముందే కొత్త ప్యాకెట్ చింపమనండి, వాడాక పారెయ్యమనండి. నేను మా అమ్మాయికి ఇంజక్షన్ వేసేటప్పుడు ప్యాకెట్ నా చేతికివ్వండి నేను చింపుతాను అంటాను, ఒకాయన మొహం మాడ్చుకున్నాడు, పర్లేదు.

రక్తం ఎక్కించడం అన్నిటికన్నా ప్రమాదం, పాజిటివ్ రక్తం ఒక సీసా ఎక్కితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వచ్చేస్తుంది. అందుకే 1989 నుంచి ఎక్కించే ప్రతి రక్తానికీ హెచ్ఐవీ టెస్టు తప్పనిసరి చేశారు, డబ్బులకి రక్తం అమ్ముకోడం సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆగింది. లైసెన్సున్న బ్లడ్ బ్యాంకులోంచి అయితే ఇప్పుడు రిస్కు చాలా తక్కువ. రక్తం ఇచ్చేవాళ్ళకైతే అసలు రాదు, సూదీ గొట్టం సంచీ అన్నీ కొత్తవి, మీ రక్తం బయటికి పోవడమే తప్ప లోపలికి ఏమీ రాదు.

తల్లి నుంచి బిడ్డకి సంగతి మా వదిన పాపతో చెప్తాను. 2003లో పాపకి నాలుగేళ్ళు. వదినకి ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలీదు, కడుపుతో ఉన్నప్పుడు టెస్టూ లేదు, మందులూ లేవు, కాన్పు ఇంట్లోనే, పాలు రెండేళ్ళు ఇచ్చింది. పాపకి టెస్టు చేయిస్తే నెగెటివ్. అద్భుతం అన్నారు ఊళ్ళో. ఆవిడకి అప్పటికే ఉండి ఉన్నా కూడా, ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం, అంటే సగానికి పైగా పిల్లలకి మందులు లేకుండానే రాదు. కానీ అలా లాటరీ మీద బిడ్డని వదలాల్సిన అవసరం ఇప్పుడు లేదు. కడుపులో ఉన్నప్పుడు, కాన్పులో, పాలల్లో, మూడు చోట్లా దాటగలదు, తల్లి మొదటి నుంచీ ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ని అణిచిపెట్టే మందులు, వేసుకుని బిడ్డకి పుట్టగానే మందు పోస్తే అది 5 శాతం కంటే కిందకి పడిపోతుంది, బాగా కంట్రోల్లో ఉంటే ఇంకా కిందకి. అందుకే కడుపు అని తెలియగానే ఏఎన్ఎం గారు హెచ్ఐవీ టెస్టు అంటే సిగ్గుపడకుండా చేయించుకోండి, భర్తకి కూడా. పాల గురించి మా వైపు ఇంకా గందరగోళం ఉంది, పాజిటివ్ తల్లి పాలివ్వకూడదని. మందులు వాడుతున్న తల్లి మొదటి ఆరు నెలలూ తన పాలే ఇవ్వచ్చు, కాకపోతే పాలూ డబ్బాపాలూ కలిపి పట్టకూడదు, ఏదో ఒకటే. బిడ్డకి ఆరు వారాలప్పుడు మొదలెట్టి పద్దెనిమిది నెలల దాకా టెస్టులు చేస్తారు, చివరి టెస్టు అయ్యేదాకా లేదు అనుకోకూడదు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఈ మొత్తంలో జనానికి అన్నిటికన్నా తక్కువ తెలిసిన విషయం ఇది. మన దేశంలో ఏఆర్‌టీ మందులు ఫ్రీగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది, మా అన్నయ్య పోయిన మరుసటి ఏడాది. మొదట్లో సీడీ4 బాగా పడిపోతేనే ఇచ్చేవాళ్ళు, 2017 నుంచి పాజిటివ్ అని తేలినవాళ్ళందరికీ వెంటనే మొదలుపెడుతున్నారు. రోజూ తప్పకుండా వేసుకుంటే సాధారణంగా ఆరు నెలల్లోపు రక్తంలో వైరస్ లెక్కకి అందనంతగా అణిగిపోతుంది. పూర్తిగా పోదు, మానేస్తే మళ్ళీ లేస్తుంది. కానీ అలా అణిగి ఉన్నంతకాలం సెక్స్ ద్వారా ఇంకొకళ్ళకి వెళ్ళదు. తక్కువగా వెళ్తుంది అనట్లేదండి, వెళ్ళదు. యూరప్‌లో పార్ట్‌నర్ అనే స్టడీలో ఒకళ్ళు పాజిటివ్ ఒకళ్ళు నెగెటివ్ ఉన్న జంటల్ని ఏళ్ళ తరబడి చూశారు, 2016లో చెప్పిన లెక్కలో వాళ్ళు కండోమ్ లేకుండా కలిసింది దాదాపు 58,000 సార్లు, మగవాళ్ళ జంటలతో 2019లో చెప్పిన లెక్కలో దాదాపు 76,000 సార్లు. మందులతో వైరస్ అణిగిన భాగస్వామి నుంచి అంటుకున్నది రెండిట్లోనూ సున్నా. బయట వేరేవాళ్ళ నుంచి కొందరికి వచ్చింది, వైరస్ జాతకం, అంటే దాని జన్యువులు, చూసి అది ఇంట్లోది కాదని తేల్చారు. ఈ గ్యారంటీ సెక్స్ వరకే అని గుర్తుంచుకోండి, సూదులు పంచుకోడానికి వర్తించదు, మిగతా సుఖవ్యాధుల్నీ ఆపదు.

దీని అర్థం ఏంటో ఒకసారి ఆలోచించండి. ఇరవై ఏళ్ళుగా మందులు వేసుకుంటూ రిపోర్టులో వైరస్ కనపడట్లేదు అని రాయించుకున్న మా వదిన వల్ల ఎవరికీ రిస్కు లేదు. టెస్టే చేయించుకోకుండా నాకేంటి అని తిరిగే మనిషి దగ్గరే ఉంది. ఊరు దూరం పెట్టేది మొదటి మనిషిని.

టెస్టు గురించి రెండు ముక్కలు. అనుమానం ఉన్న మర్నాడే వెళ్ళి నెగెటివ్ వచ్చిందని పండగ చేసుకోకూడదు, ఒంట్లో వైరస్ టెస్టుకి చిక్కడానికి కొన్ని వారాలు పడుతుంది, కొన్ని టెస్టులకి మూడు నెలల దాకా. మూడు నెలలకి మళ్ళీ చేయించుకోవాలి. ఇంకో ముఖ్యమైంది, కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా, వాడిన సూది గుచ్చుకున్నా, 72 గంటల్లోపు గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్తే రాకుండా ఆపే మందులు మొదలెడతారు, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది, మూడోరోజు దాకా ఆగకండి. ఎవర్ని అడగాలో తెలీకపోతే 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

టెస్టుకి వెళ్తే ఊరంతా తెలిసిపోతుందా అని నన్ను అడిగినవాళ్ళే ఎక్కువ. చట్టం ఉంది, 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుకోలు లేకుండా టెస్టు చెయ్యకూడదు, మీ రిజల్టు బయటపెట్టకూడదు, దాని పేరు చెప్పి ఉద్యోగం నుంచో అద్దింట్లోంచో బళ్ళోంచో తియ్యకూడదు, వైద్యం నిరాకరించకూడదు. కాయితం మీద గట్టి చట్టమే.

మా వదినకి ఇప్పుడు యాభై దాటాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో అలారం మోగుతుంది, ఒక్క బిళ్ళ వేసుకుంటుంది. ఆ మందులు ఇంటికి దగ్గర్లోనే తీసుకునే వీలుందని సెంటర్లో వాళ్ళు చెప్పి చాలాకాలమైంది. అయినా తెల్లారగట్ల లేచి అమలాపురం బస్సెక్కి, అక్కణ్ణించి ఎదుర్లంక బ్రిడ్జి దాటి యానాం మీదగా కాకినాడ పెద్దాసుపత్రికే వెళ్తుంది, రానూపోనూ రోజంతా పడుతుంది. ఎందుకొదినా అంత దూరం అంటే, అక్కడ బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్ళు మనూరి వాళ్ళు అవ్వరు కదా బాబూ అంది.